యార్డు గోడ మీద రమణమ్మ

పదకొండో భాగం

పోయినవారం యోగితని పరంజా మీద నిలబెట్టి వచ్చేశాం. కింద నుంచి వర్తక సంఘం గుమాస్తా "మేడం, పని ఆపి దిగండి, పదకొండింటికి మీటింగు" అని కేకేశాడు. ఈ పిల్ల బ్రష్ చేత్తో పట్టుకుని కిందికి చూసింది. కథ అక్కడ ఆగింది.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. యోగిత నూజివీడులో బోర్డులు రాసే రాఘవయ్యగారి అమ్మాయి. ఊరినిండా ఫ్లెక్సీలు వచ్చిపడి ఆయన రంగు డబ్బాలు మూలన పెట్టేశాక, గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసే పని ఈ పిల్ల పట్టుకుంది. అలాంటి పని కావాలంటే అందరూ విజయవాడ వైపో హైదరాబాదు వైపో చూస్తారు. యోగిత ప్రతి సోమవారం స్కూటీ వేసుకుని బాపులపాడు, ఉంగుటూరు, చింతలపూడి తిరిగేది. ఆఫీసుల ముందు నోటీసు బోర్డుల మీద కుళాయి పన్ను కాగితం కింద ఏముందో, పశువుల వేలం కాగితం కింద ఏముందో ఎత్తి చూసేది. నవ్వినవాళ్ళు నవ్వారు. సొంత ఊళ్ళో ఈ పని ఆమెకి అలాగే దొరికింది. మామిడి యార్డు ప్రహరీ మీద అరవై అడుగుల బొమ్మ. గోడ చిన్నరసాల వర్తక సంఘానిది, ఖర్చు సగం సంఘానిది, సగం ఊరిది. పోటీలో పదకొండుమంది ఉన్నా పని యోగితకే వచ్చింది.

గోడ మధ్యలో పన్నెండు అడుగుల ఎత్తు ఉండేలా ఆమె రమణమ్మ మొహం వేసింది. రమణమ్మ పాతికేళ్ళుగా యార్డులో కాయలు ఏరి పెట్టెలకెత్తే కూలిమనిషి. ఆవిడ ఎడమ బుగ్గ మీద, చెవి కింద నుంచి దవడ దాకా ఒక మచ్చ ఉంది. యోగిత ఆ మచ్చని కూడా వేసింది. ఇప్పుడు గొడవంతా దాని గురించే. ఆదివారం ప్రారంభోత్సవం. ఈ మీటింగు శుక్రవారం జరుగుతోంది.

ఇక పదండి, మేడ మీదికి.

*

సంఘం హాలు యార్డుకి ఎదురుగా మొదటి అంతస్తులో ఉంది. కిటికీలోంచి గోడంతా కనిపిస్తుంది. యోగిత వెళ్ళేసరికి పన్నెండుమంది వర్తకులు కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. పదమూడో కుర్చీ ఖాళీగా ఉంది గానీ దాని మీద ఎవరో తువ్వాలు పరిచి పెట్టారు. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. టీ వచ్చింది, అందరికీ ఇచ్చారు, ఆమెను దాటుకుని వెళ్ళిపోయింది. అవమానం చేయడం తెలిసినవాళ్ళు గొంతు పెంచరు సుమండీ, ట్రే తిప్పే దారి మారుస్తారంతే.

బల్లకి ఆ చివర టౌన్ ఆఫీసు నుంచి వచ్చిన ఏఈ రవిచంద్ర మినిట్స్ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు. యోగితని చూసి తల ఊపబోయి, అధ్యక్షుడి వంక చూసి మానుకున్నాడు.

అధ్యక్షుడు శ్రీరాములుగారు. అరవై దాటినా నిటారుగా ఉంటారు. మూడు తరాల మామిడి వ్యాపారం, మాగబెట్టే గదులే ఆరున్నాయి. మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

"అమ్మాయ్, ఆ మచ్చ తీసేయమని మొన్న కబురు పెట్టాను. వినలేదా?"

"విన్నానండీ."

"మరి?"

"ఎందుకు తీయాలో చెప్పలేదండీ."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఇరవయ్యేడేళ్ళ పిల్ల, అందులోనూ రాఘవయ్య కూతురు, శ్రీరాములుగార్ని ఎందుకూ అని అడగడం అక్కడ కూర్చున్నవాళ్ళెవరూ ఎరగరు.

"ఎందుకా? అసహ్యంగా ఉంది గనక. రేపు హైదరాబాదు పార్టీలొస్తారు, ఢిల్లీ నుంచి వస్తారు. గేట్లోకి అడుగు పెట్టగానే రోగిష్టి మొహం చూపిస్తామా? చిన్నరసం వేసుకో, తోట వేసుకో, పండు పట్టుకున్న ఆడపిల్లని ముచ్చటగా వేసుకో. ఎవరొద్దన్నారు?"

"అది రోగం కాదండీ. సొన మచ్చ. కాయ కోసేవాళ్ళకీ ఏరేవాళ్ళకీ ఒంటి మీద సొన పడి కాలుతూనే ఉంటుంది. మీకు నేను చెప్పాలా?"

"చెప్పక్కర్లేదు. తీసెయ్యి. పది నిమిషాల పని."

పది నిమిషాల పనే. అది యోగితకీ తెలుసు. ఆ మచ్చ రంగు కుదరడానికి ఆమెకి మూడు పూటలు పట్టింది. గోధుమరంగు కాదు, బూడిదరంగు కాదు, అంచుల్లో నలుపు, మధ్యలో చిన్న చిన్న గుంటలు. రమణమ్మని ఎండలో కూర్చోబెట్టి, ఫొటో దగ్గర పెట్టుకుని, కలిపినదాన్నే మళ్ళీ కలిపి తెచ్చిన రంగు. దాన్ని చెరపడం పది నిమిషాల్లో అయిపోతుంది. చెరిపేస్తే ఆదివారం శాలువా కప్పుతారు, పేపర్లో ఫొటో పడుతుంది, చింతలపూడి బస్టాండు గోడ కూడా ఆమెకే వస్తుంది. మరి ఎందుకు చెరపదు? నాన్నగారు రాత్రి ఇదే అడిగారు. "ఆ మచ్చ లేకపోతే అది రమణమ్మ పిన్ని కాదు నాన్నా, క్యాలెండరు మీది ఆడమనిషి" అంది. ఆయన సరేనన్నారు. బోర్డు మీద అక్షరం వంకర పోయిందని షాపు తెరిచే వేళకి మొత్తం తుడిచి మళ్ళీ రాసిన మనిషి ఆయన.

యోగిత చంకలోంచి నీలం అట్ట ఫైలు తీసి బల్ల మీద పెట్టింది.

ఈ ఫైలు గురించి చెప్పాలి. రెండేళ్ళ క్రితం బాపులపాడులో ఒక కల్యాణమండపం గోడకి నోటిమాట మీద బొమ్మ వేసింది. తొమ్మిది రోజుల పని. పదో రోజు యజమాని తమ్ముడు వచ్చి, గోడలో నాకూ వాటా ఉంది, నన్నెవరడిగారని నల్లటి తారు పూయించాడు. అడగడానికి ఆమె దగ్గర చిన్న చీటీ కూడా లేదు. ఆరోజు నుంచి సంతకం పడకుండా డబ్బా మూత తీయనని ఒట్టు పెట్టుకుంది. ఎంపిక చేసినట్టు ఉత్తరం, గోడ వాడుకోవచ్చని అనుమతి, ఏ వారం ఏ పని అన్నది, బొమ్మ పాడైతే ఎవరు బాగుచేయాలన్నది, నమూనా బొమ్మలు నాలుగు, వాటి మీద సంతకాలు. అన్నీ వరసలో ఉన్నాయి.

మూడో నమూనా తీసి శ్రీరాములుగారి ముందుకి జరిపింది.

"ఇదండీ రమణమ్మ పిన్ని మొహం. ఇదిగో మచ్చ. కింద సంతకం మీదే. తేదీ కూడా మీరే వేశారు. ఒప్పుకున్న నమూనా మార్చాలంటే రెండు పక్షాలూ రాసి ఒప్పుకోవాలని ఒప్పందంలో ఉంది. నేను ఒప్పుకోవట్లేదు."

శ్రీరాములుగారు కాగితం వంక చూడలేదు. ఆమె వంకే చూశారు.

"పైవరస పేర్చావన్నమాట."

వెనకనున్న వర్తకులు ఒక్కసారిగా గొణిగారు. ఆ మాట యార్డులో చిన్న మాట కాదు. పెట్టె అడుగున వడగళ్ళ దెబ్బ తిన్న కాయలు పోసి, పైన నిగనిగలాడే నాలుగు కాయలు పేర్చి అమ్మజూపడాన్ని పైవరస పేర్చడం అంటారు. పట్టుబడ్డవాణ్ణి సీజనంతా గేట్లోకి రానివ్వరు.

"ఆరోజు పైన తోట బొమ్మ పెట్టావు. బ్రహ్మాండంగా ఉందన్నాను. కింద ఇది దాచి సంతకం పెట్టించుకున్నావు. అంతేనా కాదా?"

యోగితకి ఒళ్ళు మండింది. మండిందంటే అందులో నిజం ఉంది గనకనే. తోట బొమ్మ పైన పెట్టింది ఆమే. కావాలనే పెట్టింది. లారీకి లోడు ఎక్కుతుంటే, ఫోను చెవికి ఆనించుకుని, పెట్టె మీద కాగితాలు పెట్టి చకచకా సంతకాలు గీకేస్తున్న మనిషిని చూసి, 'మూడోది కూడా ఒకసారి చూడండి' అని నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఆ సంగతి ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు. కానీ ఇప్పుడు తగ్గితే గోడ పోతుంది.

"దాచలేదండీ. నాలుగు కాగితాలకీ నాలుగు సంతకాలున్నాయి. పెట్టె అడుక్కి చెయ్యి పెట్టకుండా మీరు ఏనాడైనా కాయ కొన్నారా శ్రీరాములుగారూ? మరి నా దగ్గర మాత్రం పైవరస చూసి ఎందుకు ఒప్పేసుకున్నారు?"

వెనక వరసలో ఎవరికో నవ్వొచ్చింది. శ్రీరాములుగారు తల తిప్పేసరికి అది దగ్గుగా మారిపోయింది.

"రవిచంద్రగారూ," అన్నారాయన, గొంతు ఇంకా మెత్తబడింది, "ఏం చేయొచ్చో చెప్పండి. ఊరి డబ్బు కూడా ఉంది కదా ఇందులో."

రవిచంద్ర ఒప్పందం కాగితం ఒకటికి రెండుసార్లు చదివాడు. మొహాన చెమట. "ఒప్పందం ప్రకారం అయితే... మేడం అన్నది కరెక్టేనండీ. బొమ్మలో ఒప్పుకోనిదేదైనా వేస్తే ఆపొచ్చు. ఒప్పుకున్నదే వేశారు."

"ఆఫీసువాళ్ళు అలాగే అంటారు లెండి. వాళ్ళకేం, వాళ్ళు రేపు బదిలీ అయిపోతారు. ఉండేది మేమూ, ఈ అమ్మాయీ." ఆయన యోగిత వైపు తిరిగారు. "చింతలపూడి బస్టాండుకి దరఖాస్తు పెట్టావట. ముందు పని ఎలా చేసిందని వాళ్ళు అడగరూ? ఎవర్నడుగుతారు? నన్నే. ఉంగుటూరులో స్కూలు గోడ వస్తుందని తిరుగుతున్నావట. ఆ కమిటీలో మా వియ్యంకుడున్నాడు. మీ నాన్న బోర్డులు రాసిన షాపులన్నీ ఎవరివి? ఈ గోడ నీకు మొదటిదా ఆఖరిదా అన్నది నీ చేతుల్లోనే ఉంది."

యోగిత బల్ల అంచు పట్టుకుంది. కింద యార్డులో తెల్లరంగు డబ్బాలు దించుతున్న చప్పుడు వినిపించింది. ఇద్దరు మనుషులు రోలర్లు పట్టుకుని గోడ దగ్గర నిలబడి, మేడ వంక చూస్తున్నారు. మీటింగు కంటే ముందే వాళ్ళని పిలిపించారన్నమాట.

నాలుగు వేళ్ళ మచ్చకి ఇంత రాద్ధాంతం ఏంటి? యోగిత మూడు రోజులుగా ఇదే ఆలోచిస్తోంది. సొన మచ్చలు చూసి సిగ్గుపడే వ్యాపారస్థుణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు. అహం దెబ్బతిని ఉంటుందిలే అని సరిపెట్టుకుంది.

*

అప్పుడు కృష్ణకాంత్ లేచాడు. సంఘం కార్యదర్శి. బ్యాంకు ఉద్యోగం మానేసి రెండేళ్ళ కిందటే మామగారి కొట్టు చూసుకోవడానికి వచ్చినవాడు. కాగితాలంటే సరదా. ఎదుటివాడి కాగితంలో తప్పు దొరికితే మరీ సరదా. ఇంతసేపూ నీలం ఫైలు తనవైపు లాక్కుని ఒక్కో పేజీ తిప్పుతూ ఉన్నాడు.

"చాలా నీట్‌గా ఉంది మేడం. నిజంగా. మా సంఘం ఫైళ్ళు కూడా ఇలా ఉండవు. ఊరి సంతకం ఉంది, సంఘం సంతకం ఉంది, పరంజా వేసినవాడి సంతకం కూడా ఉంది." ఫైలు మూశాడు. "గోడ మీదున్న మనిషి సంతకం ఏది?"

యోగితకి ముందు అర్థం కాలేదు.

"అదేనండీ, రమణమ్మ. పన్నెండు అడుగుల మొహం వేశారు కదా ఆవిడది. మొహం ఆవిడది, మచ్చ ఆవిడది. వేసుకోండి అని ఆవిడ రాసిచ్చిన కాగితం ఏది?"

లేదు. ఆ కాగితం లేదు. గోడ అడిగింది, నీళ్ళ కనెక్షన్ అడిగింది, గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో కూడా రాయించుకుంది. రమణమ్మ దగ్గర రాయించుకోవాలని ఒక్కసారి కూడా తోచలేదు. ఎందుకు తోచలేదు? రమణమ్మ సంతకం చేయగలదో లేదో కూడా తనకి తెలీదు.

"నోటితో అడిగానండీ. సరేనంది. రెండు రోజులు కూర్చుంది కూడా."

"నోటిమాట!" కృష్ణకాంత్ పన్నెండుమంది వైపూ తిరిగి చేతులు చాచాడు. "మాకు మాత్రం సంతకాలు, తేదీలు, షరతులు. కూలిమనిషికి నోటిమాట. భలే న్యాయం మేడం మీది."

ఈసారి నవ్వులు దగ్గులుగా మారలేదు. బాహాటంగానే నవ్వారు. యోగితకి తల కొట్టేసినట్టయింది. వాడు అన్నది నిజం.

"రాసుకోండి ఏఈగారూ. మనిషి అనుమతి లేని బొమ్మ. ఒప్పందం చెల్లదు. ఇంకో మాట, ఆవిణ్ణే పిలిపిద్దాం. ఆవిడ నోటితోనే ఒప్పుకోలేదని చెప్పిస్తే, రేపు ఎవరూ వేలెత్తి చూపించడానికుండదు."

"ఆవిడెందుకయ్యా ఇప్పుడు?" అన్నారు శ్రీరాములుగారు. చప్పున అన్నారు. "అక్కర్లేదు. పొద్దున్నే పనిలోకి రావొద్దని పంపించేశాను."

యోగిత తలెత్తింది. "పనిలోంచి తీసేశారా? ఆవిడేం చేసిందండీ?"

"నీ బొమ్మకి కూర్చుంది."

"గేటు బయటే ఉంది బాబాయ్‌గారూ," అన్నాడు కృష్ణకాంత్, "వచ్చేటప్పుడు చూశాను. మీరు ఊరుకోండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది."

"కృష్ణకాంత్, వద్దంటున్నానా!"

అప్పటికే అతను కిటికీలోంచి గుమాస్తాకి చెయ్యి ఊపేశాడు. గెలుస్తున్నానని తెలిసినవాడికి ఇంకొకరి మాట ఎక్కడ వినిపిస్తుందీ?

*

రమణమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని ఉంది. ఆ హాల్లోకి ఆవిడ ఎన్నోసార్లు వచ్చి ఉంటుంది, ఊడవడానికి. అలవాటుగా గోడవారగా నిలబడింది. యోగిత ఎదురెళ్ళబోయింది. రమణమ్మ కళ్ళతోనే వద్దంది.

"రమణమ్మా, భయపడకు," అన్నాడు కృష్ణకాంత్. "ఒక్క మాట అడుగుతాం. గోడ మీద నీ బొమ్మ వేసుకోమని ఈ మేడంకి నువ్వు కాగితం ఏమన్నా రాసిచ్చావా?"

"లేదండీ."

"రాసుకోండి సార్. నిన్ను అడక్కుండానే వేసింది కదా?"

"అడిగిందండీ. పిన్నీ, నీ బొమ్మ వేసుకోనా అంది. వేసుకోమన్నాను."

కృష్ణకాంత్ ఒక్క క్షణం తడబడ్డాడు. "సరే, బొమ్మ అంటే అందంగా వేస్తుందనుకున్నావు. ఇలా మచ్చతో సహా పన్నెండు అడుగులు వేస్తుందని చెప్పిందా?"

"మచ్చ లేకుండా ఎలా వేస్తారండీ? అద్దంలో నాకు రోజూ కనపడేది అదేగా."

"అది కాదమ్మా. ఊరంతా చూస్తారు. నీకు సిగ్గుగా లేదూ? ఆ సొన మచ్చ ఒక్కటీ తీసేస్తే నీకూ బాగుంటుంది, మాకూ బాగుంటుంది. తీసేయమను. రేపట్నుంచి పనిలోకి వచ్చెయ్. నేను మాటిస్తున్నాను."

రమణమ్మ శ్రీరాములుగారి వంక చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. యోగిత ఆవిడ మొహం వంక చూసింది. అన్ని రోజులు చూసిన మొహమే. అందులో భయం ఉండేది. ఇప్పుడు లేదు.

"సొన మచ్చ కాదండీ అది."

"మరి?"

"సొన పడితే కారినంత మేరా గీతలా కాలుతుందండీ. నాలుగు నెలలకి పోతుంది కూడా. నా చేతుల మీద బోలెడు పోయాయి." మోచేతులు చాపి చూపించింది. "ఇది చిమ్మింది. చూడండి, చుక్కలు చుక్కలుగా గుంటలు పడ్డాయి. ఇది కార్బైడ్."

చిన్నపిల్లాడికి కూడా తెలిసిన సంగతే కదా, కాయని తొందరగా మాగబెట్టడానికి కార్బైడ్ వాడటాన్ని నిషేధించి చాలా ఏళ్ళయింది. వాడేవాళ్ళు వాడుతున్నారనీ అందరికీ తెలుసు. ఆ మాట ఆ హాల్లో, అంతమంది ముందు, ఒక ఆఫీసరు పెన్ను పట్టుకుని ఉండగా పైకి అన్నవాళ్ళు మాత్రం లేరు.

"రమణమ్మా!" అన్నారు శ్రీరాములుగారు.

"ఏంటండీ? పాతికేళ్ళు మీ గదుల్లోనే చేశాను. నాలుగేళ్ళ కిందట కార్బైడ్ పొట్లం తడిసిందని చెప్పాను. పెట్టెలో పెట్టమన్నారు. పేలి మొహాన పడింది. ఆస్పత్రికి మీరే తీసుకెళ్ళారు, సొన పడిందని చెప్పమన్నారు. చెప్పాను. ఈ నాలుగేళ్ళూ అందరికీ అదే చెప్పాను. సుబ్బారావుకి కూడా అదే చెప్పాను, కట్టుకున్నవాడికి. పని ఉంటుంది కదా అని చెప్పాను." ఆవిడ గొంతు ఎక్కడా పెరగలేదు. "పొద్దున్న పని కూడా తీసేశారు కదండీ. ఇంక ఎందుకు దాచాలి?"

యోగితకి ఇప్పుడు అర్థమైంది. మూడు పూటలు కష్టపడి తను ఉన్నది ఉన్నట్టు వేసింది. ప్రతి గుంటా, ప్రతి నల్లటి అంచూ వేసింది. కార్బైడ్ పని తెలిసినవాడు ఎవడైనా రోడ్డు అవతల నుంచి చూసినా పోల్చుకుంటాడు. మొదటిరోజే శ్రీరాములుగారు పోల్చుకున్నారు. పోల్చుకోలేనిది తనే.

"పిన్నీ... నాకు తెలీదు. సొన మచ్చే అనుకున్నాను."

రమణమ్మ ఆమె వైపు తిరిగింది. ఆ చూపులో జాలి లేదు, కోపం ఉంది.

"అనుకున్నావమ్మా. రెండు రోజులు నా బుగ్గకి మొహం ఆనించి చూశావు. రంగు సరిపోయిందా లేదా అని పదిసార్లు అడిగావు. ఎలా వచ్చింది పిన్నీ అని ఒక్కసారి అడిగావా? అడిగితే నీకు చెప్పి ఉందును."

ఇంత సభలో శ్రీరాములుగారు ఎన్ని మాటలన్నా పడని దెబ్బ అది. యోగిత తలదించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

కృష్ణకాంత్ కుర్చీలో కూలబడ్డాడు. "బాబాయ్‌గారూ, ఇదేంటి? నాకెవరూ చెప్పలేదే!" అని గొణిగాడు. ఎవరూ అతని వంక చూడలేదు. వెనక వరసలో ముగ్గురు లేచి, లోడు ఉందంటూ ఒకరి వెనక ఒకరు మెట్లు దిగిపోయారు.

శ్రీరాములుగారు లేచి కిటికీ దగ్గరికి నడిచారు. చెయ్యి బయటికి పెట్టారు. "కొట్టేయండిరా," అన్నారు. "గోడంతా కొట్టేయండి. ఇప్పుడే." రోలర్లు పట్టుకున్న ఇద్దరూ కదిలారు.

యోగిత గుమ్మం వైపు రెండంగల్లో వెళ్ళింది. మెట్లు దిగి, యార్డు దాటి, పరంజా కింద నిలబడితే ఆపగలదు. నా సంతకాలున్నాయి, చెయ్యి వేస్తే కేసు పెడతాననాలి. బాపులపాడులో అనలేకపోయిన మాట. పది నిమిషాలు ఆలస్యమైతే ముప్ఫై రెండు రోజుల పని తెల్లగోడ అయిపోతుంది.

"మేడం," అన్నాడు రవిచంద్ర.

అతను లేచి నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది గానీ పెన్ను మూత మాత్రం తీసే ఉంది.

"ఆవిడ చెప్పింది మినిట్స్‌లో ఎక్కించాలంటే చెప్పింది చెప్పినట్టు రాసి, కింద ఆవిడ చేత సంతకం పెట్టించాలి. సాక్షి సంతకం ఒకటి కావాలి. నేను రాసేవాణ్ణి, నేను పెట్టకూడదు." కుర్చీల వైపు చూశాడు. మిగిలిన తొమ్మిదిమందిలో ఒక్కరూ తలెత్తలేదు. "మీరు ఇప్పుడు కిందికి వెళ్ళిపోతే, తిరిగొచ్చేసరికి ఈవిడ ఈ మాట అనలేదని వీళ్ళందరూ అంటారు. ఈవిడ చేత కూడా అనిపిస్తారు."

శ్రీరాములుగారు నవ్వారు. ఆ రోజు మొదటిసారి. "వెళ్ళమ్మా, వెళ్ళు. నీ బొమ్మ కాపాడుకో. నీకు కావలసింది అదేగా."

కింద పరంజా కర్రలు చప్పుడు చేశాయి. ఎవడో ఎక్కుతున్నాడు. రమణమ్మ గోడవారగా అలాగే నిలబడి ఉంది. యోగితని ఉండమనలేదు, వెళ్ళమనలేదు. ఆవిడ ఇంతవరకూ ఎవర్నీ ఏమీ అడిగి ఎరగదు.

యోగిత వెనక్కి వచ్చింది. ఖాళీ కుర్చీ మీద పరిచిన తువ్వాలు తీసి బల్ల మీద పడేసింది. ఆ కుర్చీ లాగి "కూర్చో పిన్నీ" అంది. రమణమ్మ తటపటాయించింది. భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. తను పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ బుగ్గ వైపు కాకుండా కళ్ళలోకి చూసింది.

కిటికీ అవతల మొదటి రోలరు గోడకి తగిలింది. మొహంలో ఏ వైపు నుంచి మొదలుపెట్టారో చూడాలని ఉన్నా యోగిత తల తిప్పలేదు.

"రాయండి రవిచంద్రగారూ," అంది. "ఎలా వచ్చింది పిన్నీ? మొదట్నుంచీ చెప్పు."